చీలమండ దగ్గర నీలిరంగు

నేను ఆ పని చేసింది నాలుగేళ్లే. ఉద్యోగ జ్ఞాపకాలు రాయాలంటే జుట్టు నెరవాలంటారు, నాకింకా ముప్పై నిండలేదు. అయినా మా కాలేజీలో బయోమెకానిక్స్ చదువుతున్న అమ్మాయిలు కొందరు, "అక్కా, మీరు చేసిన పని గురించి చెప్పండి" అని అడిగారు. పాఠం కాని సంగతి నలుగురి ముందు నిలబడి చెప్పడం నా వల్ల కాదు. రాసిస్తానన్నాను. బాగా జరిగిన పనులకు రిపోర్టులున్నాయి, వాటిని చదువుకోవచ్చు. రిపోర్టుల్లో లేని పని ఒకటి నా డైరీలో ఉంది. అదే రాస్తున్నాను.

మా ఆఫీసు ఏ.ఎస్. రావు నగర్‌లో, ఒక కళ్లద్దాల దుకాణం పైన ఉండేది. మూడు గదులు, ముగ్గురు మనుషులం. సార్ ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ల పాటు ఇనుప పెట్టెలు ఎంత అదురుకు తట్టుకుంటాయో లెక్కలు కట్టి రిటైరయ్యారు. ఇనుము గురించి తెలుసుకుంది చాలు, ఇక మనిషి ఒంటి గురించి తెలుసుకుందామని ఈ చిన్న సంస్థ పెట్టారు. నాకంటే ఐదేళ్లు సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన నన్ను మొదటి రోజే చెల్లె అన్నాడు, నేను అన్నా అన్నాను. మూడో మనిషిని నేను.

మేం చేసేదాన్ని ఫైనైట్ ఎలిమెంట్ అనాలిసిస్ అంటారు. మీకు తెలుసు, కాని మీ ఇంట్లోవాళ్లూ ఇది చదవొచ్చు కాబట్టి రెండు మాటలు. ఒక పాదాన్ని స్కాన్ తీసి, కంప్యూటర్లో దాన్ని లక్షల చిన్న ముక్కలుగా కోస్తాం. ఎముక ముక్కకు ఎముక గట్టిదనం, కొవ్వు ముక్కకు కొవ్వు మెత్తదనం ఇస్తాం. మనిషి నిలబడితే, నడిస్తే పడే బరువు పెడతాం. ప్రతి ముక్కా పక్క ముక్కను ఎంత నొక్కుతోందో యంత్రం లెక్కగట్టి రంగుల్లో చూపిస్తుంది. ఒత్తిడి ఎక్కువైన చోట ఎరుపు, లేనిచోట నీలం. కండ ఎక్కడ నలిగి పుండు పడబోతుందో అలా ముందే తెలుస్తుంది.

సికింద్రాబాద్‌లో ఒక ఆసుపత్రిలో షుగర్ వల్ల పాడైన కాళ్లకు వైద్యం చేసే డాక్టర్ మేడమ్ మాకు స్కాన్‌లు పంపేవారు. మేం ఒత్తిడి ఎక్కడుందో చూసి, ఆ చోట తగ్గేలా చెప్పు లోపల వేసే మెత్తటి అట్ట ఆకారం చెప్పేవాళ్లం. చెప్పులు కుట్టే మోచీ ఒకతను దాన్ని ఎంసీఆర్ అనే సన్నరంధ్రాల మెత్తటి రబ్బరుతో చేసిచ్చేవాడు.

ఒక వేసవిలో మేడమ్ ఒకావిడ ఎడమ కాలి స్కాన్ పంపారు. బన్సీలాల్‌పేట్‌లో ఉంటుంది, యాభై దాటాయి. చీరలకు ఫాల్ కుడుతుంది, కొంగులకు కుచ్చులు వేస్తుంది. పదేళ్లుగా షుగర్. పాదాల్లో స్పర్శ పోయింది. బొటనవేలి మొదట్లో అరికాలికి పుండు పడి, మూడు నెలలు పని మాని మంచాన ఉంటే మానింది. అది మళ్లీ పడకూడదు. పడితే మానడం కష్టమని మేడమ్ రాశారు.

నేను ఆ పాదం మీద ఐదు వారాలు కూర్చున్నాను. అరికాలి కొవ్వును పొరలు పొరలుగా కట్టాను. బొటనవేలి దగ్గర ముక్కలు ఎంత చిన్నవి పెట్టానంటే సార్ తెర మీదికి వంగి, "మీ పాప కూడా సేమ్యాను ఇంత చిన్న ముక్కలుగా తుంచదు" అని అన్నకు చూపించారు. అన్నకు రెండేళ్ల పాప. చీలమండ దగ్గరికి వచ్చేసరికి నాకు ఓపిక అయిపోయింది, గడువు కూడా.

"ఆడ పెద్ద ముక్కలు పెట్టేయ్ చెల్లె" అన్నాడు అన్న. "చీలమండ మీద ఏం లోడ్ వస్తది? గిట్ల సన్నగ కోసుకుంట పోతే ఇది పండుగ దాంక రన్ అయితనే ఉంటది."

పెద్ద ముక్కలు పెట్టేశాను. ఫలితం చక్కగా వచ్చింది. కొత్త అట్టతో అరికాలిలో ఎరుపు పోయి పసుపు మిగిలింది. పైనంతా నీలం.

మా ఆఫీసులో రిపోర్టు చివరి పేరా ఎప్పుడూ కొత్తగా రాసేవాళ్లం కాదు. పాత రిపోర్టులోంచి తెచ్చి అతికించేవాళ్లం. నేను చేరకముందు నుంచీ అదే పద్ధతి. "పాదంలోని మిగతా భాగాలన్నింటిలో ఒత్తిడి సురక్షితమైన పరిమితిలోనే ఉంది." నేనూ అదే అతికించాను. ఊరికే అతికించలేదు, రెండుసార్లు చదివి ఒక కామా సరిచేశాను. సార్ సంతకం పెట్టారు.

చెప్పులు తొడిగే రోజు కొలతలు సరిచూడటానికి నేను మేడమ్ గదికి వెళ్లాను. ఆవిడ కొత్త చెప్పులతో నాలుగడుగులు వేసి చూసుకుంది.

"ఇగ భయం లేదా బిడ్డా?" అని నన్నే అడిగింది. డాక్టరును కాదు. తన కాలును కంప్యూటర్లో పెట్టిన పిల్ల అని మేడమ్ పరిచయం చేశారు మరి.

"లేదమ్మా" అన్నాను.

"మూడు నెలలాయె సూది పట్టక. షాపోళ్లు చీరలు వేరేటోళ్లకు ఇస్తుండ్రు. పని షురూ జేస్కోవచ్చా? నిలవడి చేసేది గాదు, కూసొని చేసేదే."

మేడమ్ మందులు రాస్తూనే, "కూర్చుని చేసేదైతే ఇంకా మంచిది, కాలికి రెస్ట్. ఎక్కువ నడవకండి, అంతే" అన్నారు.

ఆవిడ మళ్లీ నా వైపు చూసింది. "నువ్వేమంటవు?"

నాతో ఎవరైనా నేరుగా మాట్లాడితే వీలైనంత తొందరగా ఆ మాట ముగించాలనిపిస్తుంది నాకు. "చేసుకోండమ్మా. కూర్చుంటే అరికాలి మీద బరువు పడదు" అన్నాను. ఆ వాక్యంలో అబద్ధం లేదు. నిజంగానే పడదు.

రెండు నెలల తర్వాత, ఒక సోమవారం, మేడమ్ ఫోన్ చేశారు. సార్ అందరికీ వినపడేలా పెట్టారు. అరికాలు బాగానే ఉందట. పుండు ఈసారి చీలమండ బయటివైపు, ఎముక పొడుచుకువచ్చే చోట పడింది. లోపల ఎముక కనిపిస్తోంది.

"మీ చెప్పు పట్టీ రాసుకుందా సార్?" అని అడిగారు.

అన్న వెంటనే డ్రాయింగ్ తీశాడు. "పట్టీ ఆ ఎముక కిందికెళ్లి పోతది సార్. తగలనే తగలదు. ఇది మనది గాదు."

గదిలో ముగ్గురి ఊపిరీ తేలికపడింది. ఆ రోజు నా డైరీలో మొదటి మాట "హమ్మయ్య" అని ఉంది. తర్వాత కొట్టేయాలని చాలాసార్లు అనుకున్నాను. అలాగే ఉంచాను.

మేడమ్ ఇంకా ఫోన్‌లోనే ఉన్నారు. "అదే నా భయం. మీ రిపోర్టులో అక్కడ ఒత్తిడే లేదని ఉంది, మొత్తం నీలమే. ఒత్తిడి లేకుండా ఎముక దాకా పుండు పడిందంటే ఆ కాలికి రక్తమే అందట్లేదనుకోవాలి. రక్తనాళాల టెస్ట్ అటూ ఇటూ కాకుండా వచ్చింది. షుగర్ వాళ్లకు నాళాలు గట్టిపడిపోతాయి, ఆ నంబర్ నమ్మలేం. రక్తం లేకపోతే పుండు మానదు. సర్జన్ గారు మోకాలి కింద నుంచి కాలు తీసేద్దామంటున్నారు. గురువారం అడ్మిషన్, శుక్రవారం ఆపరేషన్."

ఫోన్ పెట్టాక సార్, చెప్పులు తెప్పించి పట్టీ తగిలిన గుర్తు ఏమైనా ఉందేమో చూసి మేడమ్‌కు రాసిద్దామన్నారు. నన్ను వెళ్లమన్నారు.

మంగళవారం పొద్దున ఆవిడ ఇంటికి వెళ్లాను. రెండు గదుల ఇల్లు, కింద నాపరాళ్లు. కొడుకూ కోడలూ పనికి వెళ్లారు. కాలికి కట్టు, పక్కన మడతపెట్టిన చీరల దొంతర. ఆసుపత్రిలో చేరేలోపు చేతిలో ఉన్నవి ఇచ్చేయాలని కుడుతోంది.

"రా బిడ్డా. చాయ్ తాగుతవా?"

వద్దన్నాను. చెప్పులు చూస్తానన్నాను. ఆవిడ వాటిని విప్పి నా ముందు పెట్టింది. "ఇంట్ల సుత ఏస్కుంటున్న, మీరు చెప్పినట్టే. కూసునేటప్పుడే ఇడుస్త." పట్టీ శుభ్రంగా ఉంది. ఎక్కడా రాసుకున్న గుర్తు లేదు.

ఆవిడ గుమ్మం దగ్గర వెలుతురులోకి జరిగి, గోడకు చేయి ఆనించి కిందికి దిగింది. బాసింపట్టు వేసుకుంది. ఎడమ కాలు కింద, కుడి కాలు పైన. చీర అంచును కుడి మోకాలి మీద పరిచి, బిగువు కోసం కుడి మోకాలిని కిందికి నొక్కింది. ఆ బరువంతా కింద ఉన్న కాలు మీదికి వచ్చింది. కట్టు కట్టిన చీలమండ నాపరాయి మీద ఉంది.

వంగి ఆ కట్టు కింద చూశాను.

"రోజూ ఇలాగే కూర్చుంటారా అమ్మా?"

"మరెట్ల కూసుంటరు?"

"ఎంతసేపు?"

"పొద్దుగాల కూసుంటే బువ్వకు లేస్త. మల్ల కూసుంటే దీపం పెట్టే యాళ్లకు. మూడు నెలల పని ఎనకవడ్డది గదా, జెర ఎక్కువనే కూసుంటున్న."

"నొప్పి అనిపించలేదా?"

"నొప్పేడిది బిడ్డా, ఆ కాలికేం దెలుస్తది? కాలు తుడుసుకున్న పాత రైక మీద మరక జూసి కోడలు చెప్తే ఎరుక." నా ముఖంలో ఏం కనిపించిందో, సూది ఆపింది. "ఏందీ, గట్ల జూస్తవు? కూసొని చేస్కో అంటివి గదా."

ఆవిడ నన్ను నిందించలేదు. గుర్తుచేసింది, అంతే.

ఇక్కడ మీకు ఒకటి చెప్పాలి. మోడల్ కట్టేముందు మేం రోగిని అడిగే ప్రశ్నల పత్రం మూడు పేజీలుండేది. బరువెంత, రోజుకు ఎంత నడుస్తారు, ఎలాంటి బూట్లు వేసుకుంటారు, మెట్లెక్కుతారా. ఎలా కూర్చుంటారు అన్న ప్రశ్న లేదు. ఆ పత్రం ఎక్కడో కుర్చీల్లో కూర్చునేవాళ్లు తయారుచేసింది. దాన్ని తెలుగులోకి మార్చింది నేనే. నేరేడ్‌మెట్‌లో మా ఇంట్లో రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థనకు చాప మీద బాసింపట్టు వేసుకునే కూర్చుంటాం. నా చీలమండల మీదే నల్లగా, గట్టిగా రెండు మచ్చలున్నాయి. అన్నేళ్ల నుంచీ కాళ్లకు అవి ఉన్నా, పత్రం మారుస్తున్నప్పుడు నాకు తోచలేదు. కూర్చోవడం అనగానే మా ముగ్గురికీ, మేడమ్‌కూ కుర్చీయే కనిపించింది.

"లేవండమ్మా" అన్నాను. "ఇక కింద కూర్చోవద్దు."

"ఈ నాలుగు ఇచ్చేస్త."

నేను ఎవరి చేతిలోంచీ ఏదీ లాక్కునే మనిషిని కాదు. ఆ రోజు వంగి, ఆవిడ చేతిలోని చీర తీసుకుని, సూది గుచ్చి మడతపెట్టాను. ఇంట్లో కుర్చీ లేదు. మంచం మీద కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టి వచ్చాను.

ఆఫీసుకు వచ్చి అన్నకు చెప్పాను. ఆయన పెన్ను మూత పెట్టి తీసి, పెట్టి తీసి, "అయితే మన రిపోర్టు తప్పని మనమే రాసిస్తమా?" అన్నాడు.

"తప్పే కదా అన్నా."

"తప్పు గాదు చెల్లె. లోడ్ పెట్టనే లేదు. పెట్టకపోతే నీలమే వస్తది."

"చదివేవాళ్లకు ఆ సంగతి ఎలా తెలుస్తుంది?"

ఆయన కుర్చీ లాక్కుని నా పక్కకు వచ్చాడు. "జరుగు. పెద్ద ముక్కలు పెట్టుమన్నది నేనే. ఆ చీలమండ నేను కోస్త, నువ్వు లోడ్ సంగతి జూడు."

ఎముక మీద చర్మం అక్కడ ఎంత పల్చనో స్కాన్‌లో కొలిచాం. కింద నాపరాయి పెట్టాం. ఆవిడ కూర్చున్న తీరు గుర్తుచేసుకుని పై కాలి బరువు కలిపాను. మొదటిసారి లెక్క మధ్యలో ఆగిపోయింది. రెండోసారీ ఆగింది. బుధవారం మధ్యాహ్నం మూడోసారి పూర్తయింది. చీలమండ ఎర్రగా ఉంది. అన్న దాన్ని మధ్యకు కోసి చూపించాడు. ఎరుపు చర్మం పైన మొదలవలేదు. లోపల, ఎముకను అంటుకుని ఉన్న కండలో మొదలైంది. పైకి ఏమీ కనిపించని రోజుల్లోనే లోపల కండ చచ్చిపోతూ ఉంది. పుండుకు కారణం ఈ ఒత్తిడే అయితే, ఆ కాలికి రక్తం అందట్లేదనుకోనక్కర్లేదు.

సార్‌కు చూపించాం. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఆ రిపోర్టు మీద సంతకం నాది, అమ్మాయ్."

"రాసింది నేను సార్."

"సరే. రేపు ఇద్దరం వెళ్దాం."

గురువారం పొద్దున మేడమ్ గదిలో సర్జన్ గారు కూడా ఉన్నారు. చీరలు కుట్టే ఆవిడ అప్పటికే వార్డులో చేరింది. సార్ తమ అలవాటు కొద్దీ మొదటి నుంచి మొదలుపెట్టారు, బరువు, సరిహద్దులు, అంచనాలు. సర్జన్ గారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు.

"సార్, ఇది కంప్యూటర్ బొమ్మ" అన్నారు చివరికి, మర్యాదగానే. "మొన్న నీలం చూపించింది. ఇవాళ ఎరుపు చూపిస్తున్నారు. నేను దేన్ని నమ్మి ఆగాలి? ఇన్‌ఫెక్షన్ పైకి పాకితే మోకాలు కూడా దక్కదు. అప్పుడు మీరు ఇంకో రంగు తెస్తారా?"

ఆయన అడిగింది న్యాయమే. సార్ నా వైపు చూశారు. నేను ముందు రోజు డైరీలో ఏడు వాక్యాలు రాసుకుని కంఠస్థం చేశాను. ఒక్కటీ రాలేదు.

చెప్పులు విప్పి, బల్ల పక్కన టైల్స్ మీద కూర్చున్నాను. ఎడమ కాలు కింద, కుడి కాలు పైన. చున్నీని మోకాలి మీద పరిచి బిగించాను.

"ఇలా కుడతారండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. ఆ ఇంట్లో కింద బండలు."

మేడమ్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు. నా చీలమండకూ టైల్స్‌కూ మధ్య చూపుడువేలు పెట్టబోయారు. దూరలేదు. చిటికెనవేలు పెట్టి చూశారు. అదీ దూరలేదు.

"కూర్చుని చేసుకోమన్నది నేనే" అన్నారు, లేవకుండానే.

"నేను కూడా చెప్పాను మేడమ్" అన్నాను.

సర్జన్ గారు కిటికీ దగ్గరికి వెళ్లి వచ్చారు. "ఆపరేషన్ ఆపి మూడు వారాలు చూస్తాను" అన్నారు. "చెడిన ఎముక వరకు గీకి తీస్తాను. కాలు నేలకు తగలకూడదు. జ్వరం ఎక్కి ఎరుపు పైకి పాకిందంటే ఆ పూటే తీసేస్తాను. అప్పుడు బొమ్మలు పట్టుకుని రాకండి."

రెండో వారంలో జ్వరం వచ్చింది. ఆ రెండు రోజులు డైరీలో ఏమీ లేదు, తేదీలు మాత్రం వేసి ఉన్నాయి. మూడో రోజున తగ్గింది. పుండు అడుగు నుంచి ఎర్రటి కొత్త కండ పట్టింది. రక్తం అందుతోందని దానితో రూఢి అయింది. పూర్తిగా మూసుకోవడానికి ఐదు నెలలు పట్టింది.

కాలు దక్కింది. పని దక్కలేదు. సార్ వడ్రంగితో ఒక వాలు బల్ల చేయించి పంపారు, కుర్చీలో కూర్చుని కుట్టుకోవడానికి. ఆవిడ నెల రోజులు ప్రయత్నించింది. ముప్పై ఏళ్లు మోకాలి బిగువుతో కుట్టిన చేతికి బల్ల మీద చీర నిలవలేదు. కుట్లు వంకరపోయాయి, షాపువాళ్లు రెండుసార్లు తిప్పి పంపారు. "కుర్చీల కూసుంటే చెయ్యి నా మాట ఇంటలేదు" అని ఒకసారి మేడమ్‌తో అందట. ఆ తర్వాత మానేసింది. మా అరికాలి లెక్కతో పాటు ఈ చీలమండ లెక్క కూడా మొదట్లోనే చేసి ఉంటే, పుండు పడకముందే, తీరుబడిగా ఏదైనా దారి వెతికేవాళ్లమేమో. నాకు తెలియదు.

మా ఆఫీసులో రెండు మార్పులు జరిగాయి. ప్రశ్నల పత్రానికి నాలుగో పేజీ వచ్చింది. ఎక్కడ కూర్చుంటారు, ఎలా, ఎంతసేపు, చెప్పులు ఎక్కడ విడుస్తారు. రెండోది అన్న పెట్టిన నియమం. మేం బరువు పెట్టి చూడని భాగానికి నీలం వేయకూడదు, బూడిద రంగు వేయాలి. ఆ తర్వాతి మొదటి రిపోర్టులో పాదంలో సగానికి పైగా బూడిద రంగే వచ్చింది. అన్న దాన్ని చూసి, "ఇంత తెలవకనే ఇన్ని దినాలు సంతకాలు పెట్టినమా" అన్నాడు. సార్ నవ్వలేదు. ఆ రిపోర్టుకు చివరి పేరా నేను కొత్తగా రాశాను. దానికి ఒక పూట పట్టింది.

మరుసటి ఏడాది సార్ ఆరోగ్యం బాగాలేక సంస్థ మూసేశారు. నేనిప్పుడు పాఠాలు చెబుతున్నాను, తరగతిలో కొంచెం గట్టిగా మాట్లాడమని పిల్లలే గుర్తుచేస్తుంటారు.

మూసేసే ముందు నెలలో ఒకసారి మేడమ్ గది బయట ఆవిడ కనిపించింది. బెంచీ మీద, పాదాలు రెండూ నేల మీద ఆనించి, ఒళ్లో చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుంది. పక్కన కూర్చోమంది. కొడుకు సంగతి, కోడలి సంగతి చెప్పింది. తర్వాత చీర కుచ్చిళ్లు కొద్దిగా పైకి జరిపి, నా చేయి పట్టుకుని తన చీలమండ మీద పెట్టింది.

ఆ కాలిని నేను ఐదు వారాలకు పైగా చూశాను, తెర మీద. తాకడం అదే మొదటిసారి. వేళ్ల కింద చర్మం పల్చగా, నున్నగా, కొంచెం ముడతపడి ఉంది. దాని కింద వెంటనే ఎముక. ఆవిడకు నా చేయి తగులుతున్న సంగతి తెలియదు. అందుకే కాలి వైపు కాక నా ముఖంలోకి చూస్తోంది.

"ఎట్లుంది బిడ్డా?"

వెచ్చగా ఉంది. వెచ్చదనం మంచిదే కావచ్చు, లోపల మళ్లీ ఏదో మొదలైందని కూడా కావచ్చు. రెండో కాలితో పోల్చి చూడకుండా చెప్పకూడదని మేడమ్ దగ్గర నేర్చుకున్నాను. బెంచీ దిగి ఆవిడ ముందు కూర్చుని, కుడి కాలు కూడా ఇటు పెట్టమన్నాను.